పంటికి కళాయి

తెల్లవాఱి లేచినంతనే నోరు కడుగుకొనక పలుకరించిన పిల్లవానిని "పాచినోటితో మాటాడకు"మని మందలింపని తల్లి తెలుగునాట నుండదు. పాచి యను మాటను మన మెన్ని విషయములకో వాడుచున్నాము. నీళ్ళతొట్టి గోడలను పట్టిన పచ్చని జిగట పాచి; నిలువయుండి చెడిన కూర పాచిపోయిన కూర; ప్రొద్దుననే వాకిలి యూడ్చి కల్లాపి చల్లుట పాచిపని; రాత్రి గడచిన పిదప దంతములమీద నిలిచిన జిగురును పాచియే. ఇన్నింటను పాచి యనగా తొలగింపవలసిన దనియే భావము. ఆ భావము తప్పు కాదు. కాని, సోదరీమణులారా, దంతములమీది పాచికి అడుగున మఱియొక పొర గలదు. అది పాచి కాదు. కంటికి కానరాదు. మన యిండ్లలో దానికొక పేరైనను లేదు. లాలాజలము తనంతట తాను దంతములకు పూయుచుండు పూత యది. దంతము లేండ్ల తరబడి నిలుచుటకు ఆ పూత యెంత కారణమో, ఒక్కొక్కప్పుడవి చెడుటకును అదియే త్రోవ యెట్లు చూపునో, ఇంటి యాడువారికి దానితో నేమి పని గలదో యీ నెల వ్రాయదలచినాము.

ఇత్తడి గిన్నెలలో వంట చేయు దినములలో కళాయి లేని గిన్నెలో పులుసు కాచుటకు ఎవ్వరును సాహసించెడివారు కారు. పులుపు ఇత్తడిని తిని కిలుమెక్కించును. కళాయివాని కేక వీధిలో వినబడగానే గిన్నెలన్నియు అరుగుమీదికి వచ్చెడివి. అతడు పూయు తగరపు పూత మిక్కిలి పలుచన. ఐనను పులుసునకును ఇత్తడికిని నడుమ నది నిలిచినంతకాలము గిన్నె చెడదు, తినినవారికి కీడు రాదు. లాలాజలము దంతమునకు చేయు మేలు సరిగా నిట్టిదే. భేద మేమనగా, గిన్నె కళాయి కొన్నాళ్ళకు పోవును. వాడు మరల రావలెను, కూలి యీయవలెను. నోటిలోని కళాయివాడు రాత్రింబవళ్ళు ఇంటనే యుండును. దంతమును గట్టిగా రుద్ది పూతను తొలగించిన కొన్ని క్షణములలోనే మరల పని మొదలిడును. కొన్ని నిమిషములలో దంతమంతయు పలుచని పొర క్రమ్మును. గంట రెండు గంటలలో నది కొంత మందమెక్కును. మందమన్నను ఎంత? మిల్లీమీటరును వేయి పాళ్ళు చేసిన నందొక పాలు, తఱచు అంతకంటెను తక్కువ.

పాశ్చాత్య దంతవైద్యులు దీనిని పెల్లికిల్ అందురు. చిన్న చర్మమని యర్థము గల లాటిను మాటనుండి వచ్చిన పేరది. 1839వ సంవత్సరమున లండనులో అలెగ్జాండర్ నాస్మిత్ అను దంతవైద్యుడు పంటిమీది పొరనొకదానిని వర్ణించెను. కాని యది దంతముతోపాటు పుట్టి, దంతము మొలచిన పిమ్మట అరిగిపోవు పొర. లాలాజలము వేయునది వేఱు. అది మొలచిన పిమ్మట సంపాదించుకొనునది. ఈ రెంటికిని గల భేదమును తేటపఱచి పేళ్ళు స్థిరపఱచినది 1963లో డాస్, జెంకిన్స్, టాంజ్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు. నూటయిరువది నాలుగేండ్ల కాలము పట్టినదన్న మాట, నోటిలోని యొక పొరకు సరియైన పేరు పెట్టుటకు.

ఇక లాలాజలమును గూర్చి. మన యాచారములో అది తగిలిన ప్రతి వస్తువును ఎంగిలి. పరుల యెంగిలి మనకు తగులరాదనుట మంచి నియమమే. కొన్ని రోగము లట్లే యొకరినుండి యొకరికి ప్రాకును. కాని ఆ నియమమునుబట్టి లాలాజలమే నీచమని తలచుట సరికాదు. మన ప్రాచీనులట్లు తలపలేదు. వాగ్భటుడు అష్టాంగహృదయమున కఫము నైదు విధములుగా విభజించి, నాలుకయం దుండి రుచిని తెలియజేయు దానికి బోధకమని పేరిడెను. తడి లేనిచో రుచి లేదని వారు కనిపెట్టిరి. ఎండిన నాలుకమీద చక్కెర పలుకు నిలిపి చూచినచో ఈ మాట యెంత నిజమో తెలియును.

ఈ ద్రవమును పుట్టించు పెద్ద గ్రంథులు మూడు జతలు. చెవుల ముందఱ నొక జత, దవుడ యెముక క్రింద నొక జత, నాలుక యడుగున నొక జత. ఇవిగాక పెదవులలోను చెక్కిళ్ళలోను అంగిటిలోను చిన్న గ్రంథులు వందలకొలది గలవు. అన్నియు కలిసి దినమునకు అర లీటరు మొదలు లీటరున్నర వఱకు ఊరించును. అందు నూటికి తొంబదితొమ్మిది పాళ్ళకు మించి నీరే. మిగిలిన ఆ యొక్క పాలులోపలనే యున్నది మహిమ యంతయు: సున్నపు ధాతువగు కాల్షియము, ఫాస్ఫేటు, వంటసోడా జాతి లవణము, మాంసకృత్తులు అనేక విధములు. ఈ మాంసకృత్తులలో కొన్ని యేరికోరి దంతమునకు అంటుకొనగా నేర్పడునదే మనము చెప్పుకొనుచున్న పూత.

దంతమునకు పైనున్న తెల్లని భాగమును పింగాణి యందురు. మన దేహములో నంతకంటె గట్టి పదార్థము లేదు. కాని యొక లోపము గలదు: అందు ప్రాణమున్న కణము లేదు. చర్మము తెగిన మానును, ఎముక విఱిగిన అతుకుకొనును. పింగాణి యొకసారి గుంటపడిన మరల పెరుగదు. కావున దానికి వెలుపలి కాపు కావలయును. లాలాజలములో కాల్షియమును ఫాస్ఫేటును కరిగియుండదగిన కొలతకు మించియే యున్నవి. అందుచేత పులుపు తగిలి పింగాణినుండి కొంచెము సారము కరిగినను, గుంట పడక ముందైనచో, మరల నది పూడుటకు వీలున్నది. ఇచ్చట మన కొక సందేహము కలుగవలెను. అంత చిక్కనైన ద్రవము దంతములమీద గడ్డకట్టి, నానాటికి పండ్లను ఱాళ్ళవలె పెంచదేమి? పంచదార పాకము పట్టు వారికి దీని మర్మము సులభముగా తెలియును. ముదిరిన పాకము చల్లారగానే పలుకులు కట్టును. రెండు చుక్కలు నిమ్మరసము పిండినచో కట్టదు. లాలాజలములో నిమ్మరసము పని చేయునది స్టాథెరిన్ అను చిన్న మాంసకృత్తు. నలుబదిమూడు అమైనో ఆమ్లముల గొలుసు మాత్రమే యది. ద్రవము పలుకు కట్టకుండను, కట్టినది పెరుగకుండను అది కాపాడును. దంతమున కంటుకొని పూతలో మొదటి వరుసను చేరునదియు నదియే.

ఆ పూతలోనే ప్రోలీన్ అను అమైనో ఆమ్లము మెండుగా గల మాంసకృత్తులు మఱికొన్ని గలవు. వక్కపలుకు నమలినపుడు, కరక్కాయ బుగ్గన పెట్టినపుడు, పచ్చి నేరేడుపండు తినినపుడు నోరంతయు పట్టుకొని గరుకైనట్లు తోచును గదా. ఆ వగరు నాలుకకు తెలియు రుచి మాత్రమే కాదు. ఆ పదార్థములలోని టానిన్లు లాలాజలపు మాంసకృత్తులను పట్టి ముద్దకట్టించుటచేత నోటి జాఱుడుతనము పోవుట యది. కాఫీ, తేనీరు, తాంబూలము తఱచు సేవించువారి దంతములకు పట్టు గోధుమవన్నె మఱక గూడ చాలవఱకు పూతలో నిలిచినదే కాని పింగాణిలో దిగినది కాదు. ఇది తెలియక, పండ్లు తెల్లబడవలెనని ఇటుకపొడితోను, బొగ్గుపొడితోను, కచ్చికతోను కసిదీర రుద్దువారున్నారు. నేడు అంగళ్ళలో నల్లని పొడిని అందమైన డబ్బాలో పోసి, తెలుపు చేయునని చెప్పి యమ్ముచున్నారు. డబ్బా మాఱినదే గాని బొగ్గు బొగ్గే. మఱకతో పూతయు పోవును. పూత మరల వచ్చును. దానితో అరిగిన పింగాణి రాదు. పింగాణి యరిగినకొలది లోపలి పసుపు వన్నె భాగము పైకి కనబడును గనుక, తెలుపుకొఱకు రుద్దిన పండ్లు తుదకు పచ్చబడును.

పూత చేయు మేలింతవఱకు. కీడును గూడ చెప్పవలెను గదా.

1683వ సంవత్సరమున హాలెండులోని డెల్ఫ్ట్ పట్టణమున ఆంటన్ వాన్ లీవెన్‌హుక్ అను బట్టల వర్తకుడు, తన చేతితో నూఱిన చిన్న భూతద్దముతో దంతముల సందులలోని తెల్లని పాచిని పరీక్షించెను. అందు కదలాడు సూక్ష్మజీవులను చూచి యాశ్చర్యపడి లండనులోని రాయల్ సొసైటీకి లేఖ వ్రాసెను. తన నోటినే కాక, ఇద్దఱు స్త్రీల నోళ్ళను, జన్మములో నోరు కడుగని యొక వృద్ధుని నోటిని గూడ చూచినట్లు ఆ లేఖలో నున్నది. నోటిలో సుమారు ఏడువందల జాతుల సూక్ష్మజీవులు వసింపగలవని నేటివారు లెక్కించిరి. ఇవి యన్నియు శత్రువులు కావు. అయినను, నున్నని పింగాణిమీద నిలువజాలని జీవికి ఆ పూత పీట వేసినట్లగును. దీనిలో నొక వింత గలదు. మేము పైని జెప్పిన ప్రోలీన్ మాంసకృత్తులు లాలాజలములో తేలుచున్నంతవఱకు కొన్ని సూక్ష్మజీవులు వానిని పట్టుకొనజాలవు. అవి దంతమున కంటుకొని కొంచెము రూపు మాఱగానే ఆ జీవులకు పట్టు దొరకును. మొదట చేరునవి స్ట్రెప్టోకాకస్ జాతివి. వానిని పట్టుకొని వేఱొకటి, దానిని పట్టుకొని మఱియొకటి. ఇట్లు ఒక దినము గడచునప్పటికి చేతితో తీయదగిన జిగురగును. ఇదియే పాచి. ఇప్పుడు తెలిసినది గదా భేదము: పూత లాలాజలము పనితనము, పాచి సూక్ష్మజీవుల యూరు. పూతను పోనీయక, పాచిని నిలువనీయక యుండుటయే నోటి పరిశుభ్రతయందలి కిటుకు.

పాచి నిలిచినచో నేమగును? డెన్మార్కులో లో అను నాయన తన తోడివారితో గూడి 1965లో ప్రకటించిన పరీక్ష యొకటి గలదు. చిగుళ్ళు ఆరోగ్యముగా నున్న పండ్రెండుగురు పండ్లు తోముట మానిరి. పది మొదలు ఇరువదియొక్క దినములలో నందఱికిని చిగుళ్ళు వాచినవి. మరల తోమనారంభించిన సుమారొక వారమునకు నయమైనవి. తోమునపుడు నెత్తురు వచ్చుచున్నదని తోముట మానువారు మన యిండ్లలో చాలమంది. నెత్తురు వచ్చుట తోమవలసిన చోటు నది చూపుచున్న గుఱుతని వా రెఱుగరు. నిలిచిన పాచి లాలాజలములోని సున్నమును పీల్చి ఱాయియైనచో దానినే గార యందుము. గ్రంథుల నాళములు తెఱచుకొను చోటులందే, అనగా క్రింది ముందఱి పండ్ల వెనుకతట్టునను, పై దవుడపండ్ల చెక్కిలి తట్టునను, గార ముందుగా పట్టుట చూచితిరా? అది పుల్లకు గాని కుంచెకు గాని లొంగదు, దంతవైద్యుడే తీయవలెను. తీయించినచో పండ్లు వదులగునను భయము మాత్రము వలదు. అప్పటికే వదులైన పండ్లను ఆ గార పట్టి నిలిపినట్లు కనబడుచుండును, అంతియే.

పుచ్చుటకు మూలము పాచిలోని సూక్ష్మజీవులు చక్కెరను తిని పులుపును విడుచుట. ఈ సంగతిని బెర్లినులో పనిచేసిన విల్లబీ మిల్లర్ 1890లో గ్రంథరూపమున వివరించెను. అమెరికాలో రాబర్ట్ స్టీఫాన్ 1940 ప్రాంతమున దానిని కొలిచి చూపెను. ఆమ్లత్వము కొలుచు పి.హెచ్. లెక్కలో 7 సమమైనది, ఇంచుమించు 5.5కు దిగినచో పింగాణి కరగ మొదలిడును. గ్లూకోజు నీటితో పుక్కిలించిన కొలది నిమిషములలోనే పాచిలో ఆ యంకె దిగిపోయినది. తిరిగి మునుపటికి వచ్చుటకు అరగంట మొదలు గంట వఱకు పట్టినది. తిరిగి తెచ్చునది లాలాజలమే. కావున లెక్కింపవలసినది మన మెంత తీపి తినితిమని కాదు, దినమున కెన్నిసారులు తినితిమని. స్వీడనులో వీపెహోల్మ్ అను చోట 1945 మొదలు జరిపి 1954లో ప్రకటించిన పరీక్షలో, అంటుకొను తీపిబిళ్ళలను భోజనముల నడుమ తినినవారికే పుప్పిపండ్లు విశేషముగా కలిగినవి. మందబుద్ధులను పెట్టి పోషించు ఆశ్రమములో, వారి యనుమతి లేక జరిపిన పరీక్ష యది. దానివలన లోకమునకు తెలిసినది గొప్పదే. తెలిసికొన్న మార్గము మాత్రము దయ గల యే తల్లియు మెచ్చదు.

కావున పండుగనాడు బూరెలు రెండెక్కువ తినిన పిల్లకంటె, ప్రొద్దుటినుండి సాయంకాలము వఱకు గంటకొక చాక్లెట్టు చప్పరించు పిల్లకే అపాయ మెక్కువ. లాలాజలము వచ్చి చక్కబఱచులోపలనే రెండవది వచ్చి పడును. గంటల తరబడి చక్కెర వేసిన కాఫీని గుటక గుటకగా త్రాగు పెద్దవారును ఈ కోవలోనివారే.

తీపి సంగతి యిట్లుండగా పులుపు తానై దంతమును కరగించును. దానికి సూక్ష్మజీవుల తోడు పనిలేదు. మా యింటి యరుగుమీద చదువుకొనుటకు వచ్చు పిల్లలకు మేమొకనాడు ముగ్గుఱాతి పొడిమీద నిమ్మకాయ పిండి చూపితిమి. అది బుసబుస పొంగగా పిల్లలు మురిసిరి. పండ్లుగూడ నిట్లు పొంగునాయని యొక చిన్నది యడిగినది. పొంగవు, దంతములోనిది వేఱుజాతి సున్నము గనుక చప్పుడు లేకుండ కరగును. అదియే చిక్కు. పొంగినచో నందఱును జాగ్రత్తపడుదురు! మామిడిపిందెలను, చింతకాయలను మితి మీఱి తినినపుడు "పండ్లు పులిసినవి" అందుము. పూత చెదరి, పింగాణి పైపొర మెత్తబడిన వేళ యది. అట్టివేళ మంచినీళ్ళతో పుక్కిలించి, కొంతసేపు లాలాజలమునకు వ్యవధి యిచ్చిన పిమ్మటనే కుంచె పట్టుట మేలు. పెరుగునుగూర్చి భయము వలదు. అది పుల్లనిదైనను దానిలో కాల్షియము, ఫాస్ఫేటు నిండుగా నుండుటచేత దంతమును కరగింపదు. కడపటి ముద్ద పెరుగన్నముతో ముగించు మన భోజనక్రమమును ఈ విషయమున మెచ్చుకొనవచ్చును. సీసాలలో వచ్చు పానీయములకు ఈ గుణము లేదు. అవి పుల్లనివి, తియ్యనివి గూడ.

గర్భిణులకు ఈ మాట ముఖ్యము. వేవిళ్ళలో పులుపుమీద మనసు పోవుట సహజము, దానికితోడు వాంతులు. కడుపులోనుండి వచ్చు ద్రవము చింతపులుపుకంటె తీవ్రమైనది. వాంతియైన వెంటనే కుంచెతో తోమరాదు. గ్లాసెడు నీళ్ళలో ఒక చిన్న చెంచాడు వంటసోడా కలిపి పుక్కిలించి యుమిసినచో పులుపు విఱుగును. ఆ నెలలలో దేహమున కలుగు మార్పులచేత చిగుళ్ళు కొలది పాచికే వాచి నెత్తురోడును గనుక తోముట యెక్కువ శ్రద్ధతో జరుగవలెను. కడుపులోని బిడ్డ తల్లి దంతములనుండి సున్నమును లాగుకొనుననియు, కాన్పుకొక పన్ను పోవుట విధియనియు చెప్పు మాట నిజము కాదు. పింగాణినుండి బిడ్డ కేమియు పోదు. తల్లి పన్ను పోయినదనిన, ఆమె పంటిని ఎవ్వరును చూడలేదనియే యర్థము. గర్భిణి దంతవైద్యుని యొద్దకు పోరాదనుకొనుటయు భ్రమయే.

తోముట యెట్లు? చరకుడు దంతధావనము దినమునకు రెండు పర్యాయములు చేయవలెననియు, చిగుళ్ళకు నొప్పి కలుగకుండ చేయవలెననియు విధించెను. ఈ రెండవ మాటను మన మెల్ల మఱచితిమి. సుశ్రుతుడు చేదు పుల్లలలో వేపను, వగరులో చండ్రను, కారములో కానుగను శ్రేష్ఠముగా నెన్నెను. వేపపుల్లను నమలి నమలి మెత్తని కుచ్చుగా చేయుట యందొక లాభమున్నది. నమలినకొలది లాలాజలము ధారగా నూరును. నమలక, మోటు కొనతో అడ్డముగా రాచుట మాత్రము చిగుళ్ళకు గాయమే. మెత్తని కుంచె వాడువారు చిగురు మొదలున మెల్లగా త్రిప్పుచు తోమవలెను. ఉదయమున మానినను మానవచ్చునేమో గాని, రాత్రి పరుండబోవుముందు మానరాదు. నిద్రలో లాలాజలము దాదాపు ఊరుట నిలిచిపోవును. కళాయివాడు నిద్రపోవు వేళ యదియొక్కటే. ఆ వేళ నోటిలో చక్కెరపాలు నిలిచినచో వానిని తేర్చువాడు లేడు. పాలసీసా నోటనుంచుకొని నిద్రించు పసివారికి పై ముందఱి పండ్లు నల్లబడి విఱుగుట యిందువలననే. క్రింది పండ్లను నాలుకయు దాని యడుగున నూరు ద్రవమును కాపాడును. పైవానికి ఆ తడి చాలదు. సీసా తీసి, తడిగుడ్డతో పండ్లు తుడిచి పరుండబెట్టుట రెండు నిమిషముల పని.

ఫ్లోరైడు గల దంతముద్ద మంచిదాయని మమ్మడుగువారు గలరు. మంచిదే. కొలదిపాటి ఫ్లోరైడు లాలాజలములో నిలిచి, కరగిన పింగాణి మరల గట్టిపడుటకు తోడ్పడును. మూడేండ్లలోపు పిల్లకు బియ్యపుగింజంత, ఆఱేండ్లలోపు వారికి బఠానీగింజంత చాలును. ఉమియవలెనే గాని మ్రింగరాదు. త్రాగునీటిలో నది మితిమీఱినచో సంగతి వేఱు. నాటి మదరాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో నీటి ఫ్లోరైడువలన జనులు పడు బాధను 1937లో షార్టు మొదలగు వైద్యులు వెల్లడించిరి. నల్లగొండ జిల్లా కష్టము లోకమంతయు నెఱుగును. పటిక, సున్నము వేసి నీటిని తేర్చు పద్ధతికి ఆ యూరి పేరే నిలిచినది. లీటరు నీటికి 1.5 మిల్లీగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ నియమము. అట్టి యూళ్ళవారు తమ నీటిని పరీక్షింపించి, పిల్లల విషయమున వైద్యుని యడిగి నడచుకొనవలెను.

తాంబూలమునుగూర్చి యొక్క మాట. అది లాలాజలమును ఊరించునని, సున్నము పులుపును విఱుచునని చెప్పి సమర్థించువారున్నారు. వక్క క్యాన్సరు పుట్టించు పదార్థమని అంతర్జాతీయ పరిశోధక సంస్థ 2004లో ప్రకటించినది. పొగాకు చేరనిచో పరవాలేదనుటకు వీలులేదు. భోజనానంతరము నమలుటకు సోపుగింజలున్నవి.

మేము ముఖ్యముగా చెప్పదలచినది ఎండిన నోటిని గూర్చి. మా వీధిలో నొక పెద్దావిడకు అరువదియేండ్లు దాటు వఱకు పండ్లు ముత్యములవలె నుండెడివి. తోముటలో నామె యేమాత్రము అశ్రద్ధ చేయలేదు. రెండు మూడేండ్ల లోపల వరుసగా చిగుళ్ళ మొదట పుచ్చి నాలుగు పండ్లు పోయినవి. వయస్సు మీఱినదని యింటివారు సరిపెట్టుకొనిరి. విచారింపగా, ఆమె రాత్రి మూడుమారులు లేచి నీళ్ళు త్రాగుచున్నదనియు, అటుకులు గాని అప్పడము గాని నీళ్ళు లేనిదే గొంతు దిగుట లేదనియు, పలురకముల మాత్రలు వాడుచున్నదనియు తెలిసినది. జలుబునకును దురదకును ఇచ్చు కొన్ని మందులు, మనోవ్యాధులకు ఇచ్చునవి కొన్ని, మూత్రము జారీ చేయునవి కొన్ని, ఇట్టివి చాల లాలాజలమును తగ్గించును. తల మెడ భాగములకు కిరణచికిత్స పొందినవారికి గ్రంథులే దెబ్బతినును. లాలాజలపు సహజప్రవాహము సుమారు సగమునకు తగ్గువఱకు నోరెండినట్లే తోచదని పరీక్షలవలన తేలినది. అనగా, "నోరెండుచున్నదమ్మా" యని యొక వృద్ధురాలు చెప్పు దినమునకే సగము కాపు పోయినది. ఆ మాటను చాదస్తమని త్రోసివేయరాదు.

మందులు లేకయే నోరును కన్నులును ఎండిపోవు వ్యాధి యొకటి గలదు. స్వీడను దేశపు నేత్రవైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ 1933లో పందొమ్మండుగురు రోగులను వర్ణించెను, పందొమ్మండుగురును స్త్రీలే. నేటికిని ఈ వ్యాధి కలవారిలో పదుగురికి తొమ్మండుగురు స్త్రీలు. దేహము తన గ్రంథులను తానే పగవానివలె చూచుట దీని స్వభావము. కన్నులలో ఇసుక పడినట్లు గరగరలాడుట, కీళ్ళనొప్పులు, తఱచు పండ్లు పుచ్చుట యొక్కచోట చేరినచో కీళ్ళవైద్యునికి చూపుట ఆలసింపరాదు. చాలమంది యేండ్ల తరబడి కంటికొక వైద్యుని, పంటికొక వైద్యుని వేర్వేఱుగా చూపుకొనుచు తిరుగుదురు.

నోరెండినవారు మందులను తమంతట తాము మానరాదు. దంతముల సంగతి చెప్పి, మార్పదగినది గలదాయని వైద్యుని అడుగవలెను. తఱచు నీళ్ళు గుటకవేయుట, ఏలకిగింజ గాని చక్కెర లేని నమలుబంక గాని నములుట, పడుకొనుముందు ఫ్లోరైడు ముద్దతో తోమి యుమిసి మరల ఎక్కువ నీళ్ళతో పుక్కిలింపకుండుట మేలు చేయును. నోరూరుటకని నిమ్మబిళ్ళలు చప్పరించుట మాత్రము వలదు. కాపు లేని దంతమునకు తీపియు పులుపు నొక్కసారి తగిలించుట యగును. అంగళ్ళలో దొరకు కృత్రిమ లాలాజలము నోటిని కొంతసేపు తడుపును గాని, పైని జెప్పిన మాంసకృత్తుల పని యంతయు చేయజాలదు.

కట్టుడు పండ్లు పెట్టుకొనినవారు ఇక మాకీ గొడవ లేదనుకొందురు. లాలాజలమునకు ఆ పక్షపాతము లేదు. నోటిలో నున్న గట్టి వస్తువేదైనను, లోహపు తొడుగైనను, కట్టుడు పన్నైనను, తన పూత పూయును. పూతమీద పాచియు పట్టును. ఆ పాచివలననే కట్టు క్రింది యంగిలి యెఱ్ఱబడి మండును. రాత్రులందు దానిని తీసి, కుంచెతో రెండు ప్రక్కలను తోమి, మంచినీటి గిన్నెలో నుంచి, ప్రొద్దున మరల కడిగి పెట్టుకొనవలెను.